బుల్లయ్య మావయ్య, హెరాల్డు సామాను

బుల్లయ్య ఎవరింటికి వెళ్ళినా మనుషుల మొహాలు చూడడు. ముందు అటక చూస్తాడు, ఆ తర్వాత దొడ్డి చూస్తాడు. మంచినీళ్ళు తెచ్చిన ఇల్లాలు "బావున్నారా అన్నయ్యగారూ" అని అడిగేలోపే, "అమ్మా, ఆ మూల గోతాం కింద ఉన్నది హెరాల్డు కారు సామానేనా?" అని ఈయన అడిగేస్తాడు. కాదంటే నమ్మడు. స్వయంగా వెళ్ళి గోతాం ఎత్తుతాడు. కింద రోలు కనిపిస్తే, తనని మోసం చెయ్యడానికే అది అక్కడ కూర్చున్నట్టు దానివంక కోపంగా చూస్తాడు.

సత్తెనపల్లి శివార్లలో ఆయన పత్తి కొట్టులో ఒక పాత హెరాల్డు కారు ఉంది. రెండే తలుపుల బండి. పాత ఇనుములోకి పోతుంటే లారీకి అడ్డం పడి తెచ్చాడు. దాని బానెట్టు అన్ని కార్లకీ లేచినట్టు మూతలా లేవదు. మడ్‌గార్డులూ లైట్లూ అన్నీ కలిసి ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. తెచ్చిననాడు ఆ మొసలికి పళ్ళు లేవు. ఇంజను దిమ్మ ఒక్కటే ఉంది. తలుపుల్లేవు, చక్రాల కప్పుల్లేవు, కార్బరేటర్ లేదు. ఆ కారు తయారీ ఏనాడో ఆగిపోయింది. దాని సామాను ఏ షాపులోనూ దొరకదు. జనం ఇళ్ళల్లో మారువేషాల్లో ఉంటుందని బుల్లయ్య నమ్మకం.

ఈ వేటలో ఆయన్ని మోటారు సైకిలు మీద తిప్పే భాగ్యం మేనల్లుడు సురేంద్రది. హైస్కూల్లో సైన్సు మాస్టారు. వారమంతా పిల్లలకి గురుత్వాకర్షణ చెప్పి, ఆదివారం మావయ్య ఎటు లాగితే అటు పోయేవాడు.

సురేంద్రకి మొదటి దెబ్బ వినుకొండలో తగిలింది. అది కూడా తన పెళ్ళిచూపుల్లో. అమ్మాయి ఉదయశ్రీ తలొంచుకుని కూర్చుంది. మేనమామ కాబట్టి పెద్దరికం బుల్లయ్యదే. "ఏమైనా అడగండి బావగారూ" అన్నారు ఆడపెళ్ళివారు. బుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. చదువు గురించి అడుగుతాడనుకుని అందరూ చెవులు రిక్కించారు.

"అమ్మాయ్, మీ దొడ్లో కోళ్ళగూటికి అడ్డం పెట్టిన రేకు హెరాల్డు తలుపేనా?"

కుర్చీలో ఉన్న సురేంద్రకి కుర్చీతో సహా భూమిలోకి పోవాలనిపించింది. పక్కనున్న వాళ్ళ నాన్న చేతిలో జంతిక విరిగింది. ఆడపెళ్ళివారు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఉదయశ్రీ మాత్రం నెమ్మదిగా తలెత్తి, "అవునండీ. ఎడమ పక్కది. గడియ బాగానే పడుతుంది" అంది.

"సంబంధం ఖాయం!" అని బుల్లయ్య తొడ చరిచాడు.

"మావయ్యా, అబ్బాయిని నేను! నన్నొక మాట అడగవా?"

"నీకేం తెలుసురా? గడియ సంగతి కూడా చెప్పిందంటే ఎంత బుద్ధిమంతురాలో!"

ఉదయశ్రీ కాపురానికి రాకముందే తలుపు వచ్చేసింది. ఆ పెళ్ళిలో మగపెళ్ళివారు నోరు తెరిచి అడిగి పుచ్చుకున్నది అదొక్కటే.

రెండో దెబ్బ పిడుగురాళ్ళలో. సున్నం బట్టీ నడిపే దూరపు చుట్టం పోయాడని కబురొస్తే ఇద్దరూ వెళ్ళారు. బుల్లయ్య నిజంగానే ఏడ్చాడు, చిన్నప్పటి స్నేహం మరి. ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారి ఆగిపోయాడు. మావయ్య చూపు శవం తల దగ్గరున్న దీపం మీద పడింది. దీపం మీద కాదు, దీపం కింద పెట్టిన పళ్ళెం మీద.

"వద్దు మావయ్యా" అని చెవిలో బతిమాలాడు సురేంద్ర. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పుడొద్దు."

"నేనేమన్నాన్రా? చూస్తున్నానంతే."

పోయినాయన భార్య వెంకటరావమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఆ చూపు గమనించింది. "చూశావా అన్నయ్యా, అది చక్రం కప్పేగా నీకు కావలసింది? నువ్వొచ్చినప్పుడల్లా ఆయన దాన్ని మంచం కింద దాచేవాడు. దినం అయ్యాక వచ్చి పట్టుకెళ్ళు. నేనే ఇచ్చానని ఆయనకి చెబుతాలే" అంది. ఆ ఇంట్లో ఆ పొద్దు మొట్టమొదట నవ్వింది ఆవిడే. సురేంద్ర మాత్రం ఇల్లు చేరేదాకా నోరు మూయలేదు. ఆశ్చర్యంతో అది అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఇలా ఊరూరా పోగేసిన ప్రతి ముక్కనీ కారుకి బిగించేవాడు మీరావలి. బుల్లయ్యకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. బస్టాండు పక్కన మెకానిక్ షెడ్డు నడిపేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. ఇప్పుడు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పత్తి కొట్టుకి వచ్చేస్తాడు. సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే పానా కోసం కొట్టుకుంటారు.

"ఒరేయ్ బుల్లయ్యా, అది ఎడమ చేతి వాటం మర, కుడికి తిప్పకురా దున్నపోతా!"

"నా కారు, నా ఇష్టం. ఎటైనా తిప్పుకుంటా!"

చివరికి అన్నీ దొరికాయి, కార్బరేటర్ తప్ప. అది చీరాలలో బయటపడింది. ఒక నేతగాళ్ళ ఇంట్లో మగ్గానికి బరువుగా వేలాడుతోంది. తాడు విప్పితే నేత చెడిపోతుంది, చీర పూర్తయ్యేదాకా కుదరదన్నాడు ఇంటాయన. బుల్లయ్య వాళ్ళ అరుగు మీదే మకాం పెట్టాడు. నేత సాగుతుంటే పక్కన కూర్చుని, "అంచు చిన్నదిగా వెయ్యకూడదా బాబూ?" అని పోరేవాడు. చీర దిగింది, కార్బరేటర్ చేతికొచ్చింది. మొహమాటానికి ఆ చీర కూడా కొని భార్య రాజ్యానికి తెచ్చాడు. "ఈయన నాకు చీర కొన్నాడా?" అని రాజ్యం గోడకి చేరగిలబడిపోయింది.

మర్నాడే కారు స్టార్టు చెయ్యాలని ముహూర్తం. రాజ్యం నాలుగు టైర్ల కిందకీ నిమ్మకాయలు తెచ్చింది. వీధి వీధంతా కొట్టు ముందు చేరింది. తీరా చూస్తే కార్బరేటర్ లేదు!

"ఎవడో ఎత్తుకుపోయాడ్రా!" అని బుల్లయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎలుకల్నీ కోతుల్నీ పాత ఇనుము బళ్ళవాళ్ళనీ అందర్నీ అనుమానించాడు. జనం జాలిపడి వెళ్ళిపోయారు. సురేంద్రకి ఏడుపు ఒక్కటే తక్కువ. చీరాలకి తిరిగి తిరిగి నడుము పడిపోయింది మరి.

ఆ మధ్యాహ్నం కొట్టు బయట గుంటూరు మార్కెట్ యార్డుకి మిరపకాయల టిక్కీ బస్తాలు లోడు చేస్తున్నారు. కూలీలు ఒక్కో బస్తా లారీ ఎక్కిస్తుంటే బుల్లయ్య ఒక బస్తా మీద కూర్చుని ఎంతకీ లేవడు. "ఇది విత్తనానికి" అన్నాడు. "మావయ్యా, విత్తనాలు ప్యాకెట్లలో కొంటున్నాం కదా?" అని సురేంద్ర ఆయన్ని లేపి, బస్తా కుట్టు విప్పి లోపల చెయ్యి పెట్టాడు.

చేతికి చల్లగా ఇనుము తగిలింది.

ఘాటుకి వరసగా తుమ్ములు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య "నువ్వా... మావయ్యా... నువ్వే..." అనడం తప్ప సురేంద్ర ఇంకేం అనలేకపోయాడు. కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి. మిరపకాయల వల్లో, కడుపుమంట వల్లో తెలియలేదు.

బుల్లయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అరవకురా! మీరావలి వింటాడు."

"వింటే ఏం?"

"షెడ్డు పోయిననాటి నుంచి వాడు గోడవైపు తిరిగి పడుకునేవాడ్రా. కోడలు షమా ఎంత బతిమాలినా అన్నం ముట్టేవాడు కాదు. ఆ తుక్కు బండి తెచ్చి, 'నువ్వు లేకపోతే ఇది కదలదురా' అన్నాను. మర్నాడు గడ్డం గీసుకుని వచ్చాడు. బండి స్టార్టయితే వాడికి పనేముంది? మళ్ళీ గోడవైపు తిరుగుతాడు."

"మరి ఇంతకాలం ఊళ్ళన్నీ ఎందుకు తిరిగాం?"

"ఏదో ఒకటి తెస్తుండకపోతే వాడికి అనుమానం రాదూ! అన్నీ దొరికేస్తాయని నేనేమన్నా కలగన్నానా? నీ అదృష్టం పాడుగాను, నువ్వు బండెక్కితే చాలు, ఎక్కడ లేనివీ దొరుకుతున్నాయి!"

సురేంద్ర చెయ్యి వెనక్కి తీసుకుని బస్తా మళ్ళీ కుట్టేశాడు.

మీరావలి ఎంత దిగులు పడుతున్నాడో, ఓదారుద్దామని కొట్టులోకి వెళ్ళాడు. ముసలాయన కారు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, క్యారేజీలో పులిహోర హాయిగా తింటున్నాడు.

"కార్బరేటర్ పోయిందని బాధపడకు బాబాయ్."

"పోతే పోయిందిలే. ఉన్నా అది స్టార్టయ్యేది కాదు" అని మీరావలి చొక్కా జేబులోంచి వక్కపలుకంత నల్ల ముక్క తీసి చూపించాడు. "డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగేది ఇదే. ఇది లేకపోతే ఇంజను పలకదు. ముహూర్తం అనగానే పీకి జేబులో వేసుకున్నా."

సురేంద్ర నిమ్మకాయల పక్కనే నేలమీద కూలబడ్డాడు. "నువ్వు కూడానా?"

"నెమ్మదిగా! వాడు వింటాడు" అన్నాడు మీరావలి. "వాడి కొడుకు వీరబాబు వ్యవసాయం అందుకున్నాక మీ మావయ్యని అడిగేవాడు లేక ఎలా అయిపోయాడో నీకేం తెలుసు? రోజంతా వాకిట్లో కూర్చుని పోయే బస్సుల్ని తిట్టేవాడు. ఈ డొక్కు వచ్చాకే మనిషయ్యాడు. సామాను వేట అయిపోతే ఏం పెట్టుకుని బతుకుతాడ్రా వాడు? పిచ్చి వెధవ, పైకి చెప్పడు. నువ్వు మాత్రం వాడికి చెప్పకు."

"చెప్పను బాబాయ్" అన్నాడు సురేంద్ర. కాసేపటికి నవ్వాగక బయటికి పరిగెత్తాడు.

ఆ వారంలోనే ఒంగోలు నుంచి ఎవరో పెద్దాయన ఫోను చేశాడు. "మాస్టారూ, హెరాల్డు సామాను మీకే కావాలటగా? మా గ్యారేజీలో బండికి బండే ఉంది. కార్బరేటర్, డిస్ట్రిబ్యూటర్, ఒక్క మర కూడా తగ్గలేదు. ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళండి."

సురేంద్ర "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాడు.

పెట్టాడో లేదో మావయ్య ఫోను. గొంతు నీరసంగా ఉంది. "ఏరా, ఒంగోలులో ఎవరి దగ్గరో బండికి బండే ఉందట. మీరావలి కూడా విన్నాడు. వెళ్ళక తప్పదేమో?"

"కనుక్కున్నాను మావయ్యా. ఆయనది వేరే కారట. మనకి ఒక్క ముక్క పనికిరాదు. ఈసారి మాచర్ల వైపు వెతుకుదాం."

"హమ్మయ్య!" అన్నాడు బుల్లయ్య. వెంటనే, పక్కన మీరావలి ఉన్నాడు కాబోలు, "అయ్యయ్యో!" అని గట్టిగా దిద్దుకున్నాడు.