పాతరలో వెలిగిన లాంతరు

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నేను చెప్పడం మానేస్తాను.

అప్పటికి కర్నూలు ఇంకా రాజధాని కాలేదు. నేను ఎస్సెల్సీ చదువుతున్నాను. మాది కడప జిల్లాలో హైస్కూలు లేని పల్లె. మా నాన్న నన్ను తీసుకొచ్చి కర్నూలు శివార్లలో తన స్నేహితుడు ఓబుళయ్య ఇంట్లో దింపి, మాట పడకుండా ఉండమని చెప్పి వెళ్లిపోయాడు. సేద్యం చేసుకునే కుటుంబం. ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన భార్య వెంకటమ్మను అత్తా అనేవాణ్ణి. ఇంట్లో మేం ముగ్గురమే. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు శివుడు, నేను రావడానికి రెండేళ్ల ముందే చనిపోయాడు. ఇంటి ముందున్న జొన్నల పాతరలో...

పాతరంటే నేలలో బావిలా తవ్విన గొయ్యి. చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తేస్తారు. ఏళ్లు గడిచినా గింజ చెడదు. గాలి మాత్రం చెడుతుంది. అందుకే బండ తీశాక ఒక రాత్రంతా అలాగే వదిలేస్తారు. తెల్లారాక తాడుకు దీపం కట్టి లోపలికి దించుతారు. దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. ఆ రోజు మామకు తొందర. "దిగురా, బండి కాచుకోనుండాది" అన్నాడట. శివుడు దిగాడు. దీపం దించలేదు. మళ్లీ ప్రాణంతో పైకి రాలేదు.

మిగిలిన జొన్నలతోనే పాతర మూసేశారు. ఆ బండ మీద ఎవరైనా కాలు పెడితే అత్త ఊరుకునేది కాదు.

నేనున్న ఏడాది చినుకు పడలేదు. సంగటి పోయి గంజి వచ్చింది. గంజి కూడా పల్చబడింది. ఒకరోజు మామ అనడం నా చెవిన పడింది. "పిల్లోన్ని వాళ్లూరికి పంపిచ్చేద్దాం. మనకే ల్యాకపాయ." ఊరికి పోతే చదువు అంతటితో సరి. గొడ్ల వెంట తిరగాల్సిందే. అత్త గంజి కుండలోకి చూసింది. తర్వాత అంది. "పాతర తియ్యి."

నా కోసమే ఆమె ఆ మాట అంది. అది నాకు తెలుసు.

సాయంత్రం బండ తీశారు. చీకట్లో ఎవరూ పడకుండా నన్ను కాపలా కూర్చోబెట్టారు. ఎలాగూ పరీక్షలకు చదువుకోవాలి కదా. పక్కన లాంతరు. కాస్త దూరంలో మంచం మీద మామ. అత్త ఇంట్లో పడుకుంది.

ఎంత పొద్దుపోయిందో తెలియదు. లోపల్నుంచి చప్పుడు... సర్... సర్... జొన్నల మీద ఎవరో కాలు ఈడ్చినట్టు. ఎలుక అనుకున్నాను. ఎలుకే అయితే బాగుండునని అనుకున్నాను. ఆగింది. మళ్లీ... సర్... ఈసారి కొంచెం పైకి వచ్చినట్టు.

అప్పుడు వినబడింది.

"దీపం... దించప్పా..."

గట్టిగా కాదు. నాలుక పిడచకట్టినవాడు అడిగినట్టు. మామ మంచం వైపు చూశాను. ఖాళీ...

ఏమనుకోను? మధ్యలో నేను కునికినప్పుడు మామే దిగాడనుకున్నాను. తెల్లారేదాకా ఆగలేక దిగాడు, ఇప్పుడు లోపల ఊపిరాడక అడుగుతున్నాడు అనుకున్నాను. గబగబా లాంతరు తాడుకు కట్టి దించాను. ఒక బార... రెండు బారలు... వెలుగు తగ్గలేదు. అడుగున జొన్నలు పచ్చగా మెరిశాయి. మనిషి లేడు. "మామా" అన్నాను. పలుకు లేదు. తాడు మాత్రం నా చేతిలో ఒక్కసారి బిగుసుకుంది... కింద ఎవరో పట్టుకున్నట్టు. మళ్లీ వదులైంది.

"ఏం చేస్తాండావప్పా?"

వెనక నుంచి! కెవ్వున అరిచాను. మామ. కొట్టంలో ఎద్దులకు నీళ్లు పెట్టి వస్తున్నాడు.

మామ వంగి పాతరలోకి చూశాడు. లాంతరు నిలకడగా వెలుగుతోంది. "గాలి బాగుండాది. తెల్లారేదాకా ఎందుకు, ఇప్పుడే దిగుతా" అని పంచె ఎగ్గట్టాడు. నా అరుపుకు లేచొచ్చిన అత్త ఆయన చేయి పట్టుకుంది. నన్నడిగింది. "దీపం ఎందుకు దించినావప్పా?"

చెప్పాను. విన్నది విన్నట్టు చెప్పాను.

ఆమె ముఖం చూడలేకపోయాను. "ఇంగోసారి దించు. నీ చేత్తో దించు" అంది మామతో. మామ లాంతరు పైకి లాగాడు, మళ్లీ వదిలాడు. రెండు బారలు పోయిందో లేదో... ఆరిపోయింది. వెలిగించి మళ్లీ దించాడు. ఆరింది. మూడోసారీ అంతే. అదే లాంతరు. అదే తాడు. మామ అక్కడే కూలబడ్డాడు.

తెల్లారగానే బండ మూసేశారు. జొన్నలు దక్కలేదు. నేను నా బట్టలు మూట కట్టుకున్నాను. అత్త ఆ మూట లాగి లోపల పడేసింది. "యాడికీ పోవద్దు. నా గంజిలో సగం నీది" అంది. ఆ రాత్రి నా పక్కన కూర్చుని అడిగింది.

"ఎట్ల పిలిచినాడో ఇంగోసారి చెప్పు."

చెప్పాను.

"వాని గొంతేనా?"

నేను శివుణ్ణి ఎన్నడూ చూడలేదు. వాడి గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఆరిపోవాల్సిన దీపం నా చేతిలో ఎందుకు వెలిగింది? మామను లోపలికి పిలవడానికా? రెండేళ్లు చీకట్లో ఉన్నవాడికి కాసేపు వెలుతురు కావాల్సి వచ్చిందా? ఎవడై ఉంటాడు, అసలు మనిషేనా... ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ మాట తల్లితో ఎలా అంటాను?

"ఔనత్తా, వాని గొంతే" అన్నాను.

పరీక్షలయ్యేదాకా ప్రతి రాత్రీ అడిగింది. ప్రతి రాత్రీ ఔననే చెప్పాను.