చీటీలు తీసి జట్లు వేసిన గ్రౌండు

మా చిన్నప్పుడు... పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ కాలనీలో సాయంత్రం సైరన్ మోగిందంటే వాలీబాల్ నెట్ కట్టేసేవారు. కాలనీ క్లబ్బులో ఆటలు చూసుకునే నర్సింహులు సారు, తన పచ్చ హెల్మెట్‌లో అందరి పేర్లూ చీటీలు వేసి నా ముందు పెట్టేవారు.

"కండ్లు మూస్కొని తియ్యి బిడ్డా."

నేను తీసిన చీటీలను బట్టే ఆ రోజు జట్లు. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చిన మా నాన్న, పక్క ఊరి మల్లేశం బాబాయి ఎన్నోసార్లు ఒకే జట్టులో పడేవారు. ఆట అయ్యాక మా అరుగు మీదే టీ... మా అమ్మకు రోజూ అదో పని.

పెద్దయ్యాక వ్యాయామ విద్య చదివాను. అందులో క్రీడల చరిత్ర అని ఒక పేపరు ఉండేది. ఆడించేవాళ్ళకు చరిత్రెందుకని విసుక్కుని, గైడు బట్టీపట్టి గట్టెక్కాను.

సారు రిటైరయ్యాక ఆ క్లబ్బులోనే ఆటల పని నాకు దొరికింది. రాగానే నా తెలివి చూపించాను... చీటీల పద్ధతి మానేసి, ఊరి జట్టు, కాలనీ జట్టు అని పోటీ పెట్టాను. జనం విరగబడి వచ్చారు. నాకు ఎంత గర్వమో!

ఆఖరి ఆటలో నెట్ తగిలిందా లేదా అని తగువు. మల్లేశం బాబాయి బంతి కింద పెట్టేశాడు.

"మా భూమి మీద ఆడుకుంట మాకే రూల్స్ చెప్తున్నరా?"

"ఊరికే ఇచ్చారా? డబ్బులు తీసుకోలేదా?" అన్నాడు మా నాన్న.

ఆ మాటతో అందరూ కలబడ్డారు. విడదీయడం నా వల్ల కాలేదు.

మర్నాడు సారు ఇంటికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను.

"గా గ్రౌండు ఊరోళ్ల జొన్నచేను బిడ్డా. ప్లాంటు కోసం తీస్కున్నరు. మొదటి ఏడు నేను గూడ నీ లెక్కనే టీములు చేసిన... తలకాయలు పలిగినయ్. గందుకే చీటీలు పెట్టిన."

"నాకెందుకు చెప్పలేదు సార్?"

"నువ్వు అడిగినవా?"

సిగ్గుతో తల దించుకుని వచ్చేశాను.

ఇప్పుడా గ్రౌండులో కంటైనర్ లారీలు ఆగుతున్నాయి. కొల్లూరు దగ్గర అపార్ట్‌మెంట్లలో పిల్లల చేత ఆటలు ఆడిస్తున్నాను. కొత్త చోటికి వెళ్తే ముందు అక్కడి పాతవాళ్ళతో కూర్చుంటాను. అలసట వచ్చేసింది గానీ, ఆ అలవాటు మాత్రం మానలేదు.

మీ ఊరి ఆటల్లోనూ అర్థంలేదనిపించే పద్ధతి ఏదైనా ఉందా? ఎందుకొచ్చిందో తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి, ఇక్కడ రాయండి...

నేను అడగడం ఒక్క ఆట ఆలస్యమైంది. నాన్నా, మల్లేశం బాబాయీ ఇప్పటికీ మాట్లాడుకోరు.