గుండ్రిల్లు గోడ

నల్లంపల్లి దాటాక మా ఊళ్లో ఒక ఇల్లుంది. దానికి మూలల్లేవు. కట్టించిన దొరకు మూలలంటే ఏం కోపమో ఎవరికీ తెలియదు. ధాన్యం దాచడానికి కట్టాడని కొందరంటారు, పెళ్లాం మీద అలిగి ఒంటరిగా ఉండటానికి కట్టాడని కొందరంటారు. నాకు రెండోదే ఇష్టం. మేము దాన్ని గుండ్రిల్లు అంటాం.

నా చిన్నప్పుడు అందులో చింతపండు నిలవ చేసేవాళ్లు. అమ్మా, అక్కా, నేనూ అక్కడే కూర్చుని గింజలు తీసేవాళ్లం. పైకప్పు సందుల్లోంచి ఎండ పడుతూ, పులుపు వాసనకు కళ్లు మూతలు పడుతుంటే, ఏ మాట ఎవరిదో తెలిసేది కాదు. ఈ గోడకు నోరు ఆనించి గొణిగితే, ఎదురు గోడ దగ్గరున్నవాళ్లకు చెవిలో చెప్పినట్టు వినిపించేది. అందుకే పోట్లాడుకున్న ఆడవాళ్లను పెద్దవాళ్లు చెరో పక్క గోడకు మొహం పెట్టి నిలబెట్టేవాళ్లు. ఉన్నదంతా చెప్పుకునేదాకా వెనక్కి తిరగకూడదు.

తర్వాత అది పట్టుగూళ్ల కొట్టయింది, ఓట్ల గదయింది, కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఈమధ్య రేషన్ అంగడికి సగం, అంగన్‌వాడికి సగమని, నడిమధ్య గోడ కట్టడానికి ఇటుకలు దించారు. అది లేస్తే ఈ పక్క గొణిగిన మాట ఆ పక్కకు పోదు.

అక్కా నేనూ మాట్లాడుకొని మూడేళ్లయింది. జబ్బుపడిన అమ్మను, అక్క వద్దంటున్నా వినకుండా, సేలం ఆసుపత్రికి తీసుకెళ్లాను. నయం చేయించి తీసుకొచ్చి చూపిద్దామన్న పంతంతో, జబ్బు ముదిరిపోయిందని అక్కకు చెప్పనే లేదు. అమ్మ అక్కడే పోయింది. "ఇంట్లో పోవాల్సిన మనిషిని పరాయి మంచం మీద చంపేసినావు" అంది అక్క. నేనూ మొండికేశాను.

గోడ లేవకముందే గుండ్రింటికి రమ్మని అక్కకు పిన్నమ్మతో కబురు పెట్టాను. రాదనుకున్నాను, వచ్చింది. నన్ను చూడకుండా నేరుగా పోయి గోడవైపు తిరిగి నిలబడింది. గోడ కట్టడానికి వచ్చిన మేస్త్రీ బీడీ ముట్టించుకొని బయట కూర్చున్నాడు.

"అక్కా, తప్పు నాదే" అన్నాను, ఎదురు గోడకు నోరు ఆనించి.

గోడ చెంపకు చల్లగా తగులుతోంది. నిద్రలో విన్నట్టు అక్క గొంతు వచ్చింది.

"పోయేముందు అమ్మ కడాకు ఏమనింది?"

మూడేళ్లు దాచుకున్న మాట అది. చెబితే నా తప్పు ఖాయమైపోతుందని దాచాను. సిగ్గుచేటు.

"నిన్నే అడిగింది. పెద్దది ఇంకా రాలేదా అనింది."

మేస్త్రీ లేచి గుమ్మంలోకి వచ్చాడు. మా ఇద్దరినీ చూసి ఆగిపోయాడు.

"ఇంకొకతూరి చెప్పు" అంది అక్క.