తడి చెయ్యి, ఊరగాయ జాడీ

బొగ్గింజన్ల కాలంలో ఒకసారి ప్యాసింజరు రైల్లో చెయ్యి కడుక్కొని పెరుగన్నం మూట విప్పినా. నంచుకోను ఏమీ లేదు. ఎర్రగుంట్లలో ఎక్కిన ఒక అవ్వ ఎదురుగా కూచోనుంది. ఆమె ఒళ్లో మామిడికాయ ఊరగాయ జాడీ. ప్రొద్దుటూరు నుంచి, పులివెందులలో వేవిళ్లతో ఉన్న కూతురికి తీసుకపోతాంది. ముద్దనూరులో దిగాల.

నా చూపు యాడుందో కనిపెట్టి, "నంచుకుంటావా నాయనా?" అని జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పింది. "నా చేతులకెప్పుడూ చెమటే. నేను ముట్టుకుంటే చెడిపోతాది. నువ్వే తీసుకో."

చెయ్యి చాపినా. ఆమె గబుక్కున జాడీని వెనక్కి లాక్కునింది.

"తడి చెయ్యి కదప్పా. ఒక్క చుక్క పడినా ఏడాది ఊరగాయకు బూజు పడతాది."

"ఇప్పుడే కడుక్కున్నా అవ్వా."

"కిటికీ బయట పెట్టు. గాలికి ఆరతాది."

పెట్టినా. చేను గట్టు మీద ఎవరో, తననే పలకరిస్తాండాననుకొని చెయ్యి ఊపినాడు. తొందరగా ఆరతాదని నేనూ ఊపినా.

శానాసేపటికి చెయ్యి లోపలికి తీసి చూపించినా. బాగానే ఆరింది గానీ, ఇంజను మసికి నల్లగా అయిపోయింది. అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"కడుక్కో పో" అనింది.

కడుక్కొని వచ్చేసరికి ముద్దనూరు వచ్చింది. అవ్వ గుడ్డ బిగించి కట్టి, జాడీ చంకన పెట్టుకొని దిగింది. కిటికీ దగ్గరికొచ్చి, "పులివెందులకు వస్తే తిందువులే నాయనా. చెయ్యి ఆరబెట్టుకొని రా" అనింది.

ఉత్త పెరుగన్నమే తిన్నా. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఊరగాయ అడిగినా, ముందు వాళ్ల చెయ్యి తిప్పి చూస్తా. ఇన్నేళ్లలో మా జాడీకి ఒక్కసారీ బూజు పట్టలేదు. చుట్టాలు రావడం మాత్రం తగ్గింది.