బోర్డు మీద చెరిపిన గల్లీ

రాయ్‌పూర్‌లో నేను పదకొండేళ్లు చేసిన ఉద్యోగం పొద్దున్నే నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయడం. అలాగని బడిపంతులుని కాదు. పగిలిన నీటి పైపులు బాగుచేసే ఒక కాంట్రాక్టు ఆఫీసులో గుమాస్తాని. ఫోనులో ఫిర్యాదులు తీసుకోవడం, ఏ గ్యాంగు ముందు ఏ వీధికి వెళ్లాలో బోర్డు మీద వరుస వెయ్యడం నా పని. మాకున్నవి రెండు గ్యాంగులు, ఊళ్లో పగిలే పైపులకి అంతు లేదు. అందుకని నా సుద్దముక్కకి కాస్త పొగరుండేది.

ఆ వరుసకో పద్ధతి ఉంది. రోడ్డు మీద నీళ్లు ఎగజిమ్మే చోటు ముందు. అది అందరికీ కనిపిస్తుంది, అరిచేవాళ్లు ఎక్కువ. నీళ్లు వాసనొస్తున్నాయన్న ఫిర్యాదు ఆ తర్వాత. పగులు ఎక్కడుందో తవ్వి వెతకాలి, దానికే పూటంతా పోతుంది. కానీ మనిషి ప్రాణం మీదికొచ్చేది వాసన నీళ్లతోనే. వాటినే ముందు రాయాలని, కొత్తలో అందరితో వాదించినవాణ్ణి నేనే.

మా నాన్న రైల్వే పని కోసం విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆఫీసులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఒకసారి రైల్వే క్వార్టర్ల వెనక, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే గల్లీకి గ్యాంగును ముందు పంపితే, మా సూపర్‌వైజరు బోర్డు చూసి, "పహలే అప్నే లోగ్, హై నా?" అన్నాడు. ముందు మనవాళ్లే కదా అని ఎత్తిపొడుపు. అందరూ నవ్వారు, వాళ్లతో పాటు నేనూ నవ్వాను గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. అప్పట్నుంచి మనవాళ్లున్న వీధి పేరు రాయాలంటే చెయ్యి వెనకాడేది. దాన్ని నిజాయితీ అనుకున్నాను. వట్టి పిరికితనం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున నర్సమ్మ గారు ఫోన్ చేశారు. కోస్తా నుంచి వచ్చి రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు నాకు సూదిమందు వేసి, ఏడవకుండా చేతిలో బిస్కెట్టు పెట్టేవారు. ఆవిడ ఇల్లు ఆ గల్లీలోనే.

"నాయనా, నువ్వేనా? మా గల్లీలో నీళ్లు కంపు కొడతన్నాయిరా. మురుక్కాలవ కింద పైపు పగిలినట్టుంది. ఇవాళే పంపించు. నా కోసం కాదు..."

ఆవిడ మాట్లాడుతుండగానే నా చెయ్యి ఆ గల్లీ పేరు రెండో వరసలో రాసేసింది. పక్కనే టీ తాగుతున్న సూపర్‌వైజరు బోర్డు వైపు తల తిప్పాడు. నేను వెంటనే హిందీలోకి దిగాను. ఫిర్యాదు నమోదైందనీ, వంతు వచ్చినప్పుడు మనుషులొస్తారనీ, ముక్కూమొహం తెలియనివాళ్లకి చెప్పినట్టు చెప్పి ఫోన్ పెట్టేశాను. ఎవరి కోసమో వినలేదు. రాసిన పేరు అరచేత్తో చెరిపేసి అట్టడుగున రాశాను. రెండో వరస దేవేంద్ర నగర్‌కి పోయింది. అక్కడ ఎగజిమ్మే నీళ్లతో జనం స్కూటర్లు కడుక్కుంటున్నారు.

ఆవిడ మళ్లీ ఫోన్ చెయ్యలేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా ఆ గల్లీని అడుగునే ఉంచాను. నాలుగో రోజు గ్యాంగు వెళ్లింది. అభన్‌పూర్ నుంచి వచ్చే మా ఫిట్టరు మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చి, పైపు మూరెడు పొడవున చీలిందనీ, మురుగంతా అందులోకే పోతోందనీ చెప్పాడు. ఫిర్యాదు ఎప్పుడొచ్చిందని అడిగాడు. నిన్ననే అని చెప్పాను. అతను తలూపి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

కొన్ని వారాలకి ఆ గల్లీలో కామెర్లని విన్నాను. ఒక ఆదివారం ఉండబట్టలేక నర్సమ్మ గారింటికి వెళ్లాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. తను నీళ్లు కాచుకునే తాగానన్నారు. ఫోన్ చేసింది పక్క గదిలో అద్దెకున్న ఛత్తీస్‌గఢీ అమ్మాయి కోసమట. ఏడో నెల. కాచి తాగమని చెప్పారు గానీ, పనికి పోయి వచ్చే పిల్ల ఎన్ని నీళ్లని కాస్తుంది? కామెర్లు సోకాయి. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆమె మూటా ముల్లే సర్దుకుని వాళ్ల ఊరు వెళ్లిపోయింది.

ఆ మూడు రోజుల వల్ల కాకపోవచ్చు, అంతకుముందు తాగిన నీళ్ల వల్లే అయుండొచ్చు అని ఆవిడ అంటారేమోనని మొహంలోకి చూశాను. అంత తెలిసిన మనిషి, ఆ మాట అంటే బతికిపోయేవాణ్ణి. అనలేదు. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ మెల్లగా అన్నారు.

"తప్పు నాదేలే నాయనా. ఆ రోజు నేను హిందీలో చెప్పుంటే, ఎవరో పరాయివాళ్లనుకుని పంపేవాడివి గదా."

అవును ఆంటీ అన్నాను. ముందు రాసి, తర్వాత నా చేత్తో చెరిపేశానని మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లయినా చెప్పలేదు.