పదహారో గీటు

మా బావమరిదిని ఎవరూ పేరుతో పిలవరు. గీటు మేస్త్రి అంటారు. లారీల ఇరుసులు బాగుచేయడం వాడి పని. నట్టు బిగించాక, దాని మీద నుంచి పక్కనున్న ఇనప పలక మీదకి పసుపు పెయింటు పెన్నుతో సన్నని గీటు ఒకటి గీస్తాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీటు రెండు ముక్కలై కనబడుతుంది. ఆ గీటు వాడికి సంతకం, ఒట్టు రెండూను.

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. పాతికేళ్ళ కిందట వాడికి భయమంటే ఏమిటో తెలియదు. రాళ్ళలో తిరిగే ఒక ట్రక్కుకి ఎత్తు పెంచే పని ఒప్పుకున్నాడు. మామూలు బండికి ఇరుసు చక్రం నడిమధ్యలోకి దూరుతుంది. ఆ ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఉబ్బు ఉంటుంది, రాళ్ళకి ముందు తగిలేది అదే. వీడు చేసిన పద్ధతిలో ఇరుసు చక్రం మధ్యకి కాకుండా కాస్త పైకి వస్తుంది. చక్రం పక్కన ఒక ఇనప పెట్టె, అందులో ఒకదాని కింద ఒకటి రెండు పళ్ళచక్రాలు. పైది తిరిగితే కిందది తిరుగుతుంది, కిందది బండి చక్రాన్ని తిప్పుతుంది. ఉబ్బు నేలకి దూరంగా పైకి పోతుంది. అంతా బాగానే ఉంది. పళ్ళచక్రాలు రెండు కలిసి తిరిగితే రెండోది ఎదురు దిక్కుకి తిరుగుతుందన్న సంగతి ఒక్కటే మర్చిపోయాడు.

వీధి వీధంతా చూస్తుండగా మొదటి గేరు వేశాడు. బండి రివ్వున వెనక్కి వెళ్ళి టీకొట్టు గోడలో కూర్చుంది. నాలుగు గేర్లు వెనక్కి, ఒకటే ముందుకి! మనవలకి చెప్పేటప్పుడు నేను ఆ ఒక్క గోడనీ మూడు గోడలు చేస్తాను. టీకొట్టువాడు చేతిలో గ్లాసు తొణక్కుండా బండి వెనక కూర్చుని వీధి చివరిదాకా ఊరేగాడని కూడా చెబుతాను. గోడ అవతల, నిమిషం ముందు దాకా, ఒక ముసలామె స్టూలు మీద కూర్చుని ఉందని మాత్రం చెప్పను. ఆమె నీళ్ళ కోసం లేచి లోపలికి వెళ్ళింది కాబట్టి బతికింది. ఊరంతా గోడని గుర్తుపెట్టుకుంది. వాడు ఆ ఖాళీ స్టూలుని గుర్తుపెట్టుకున్నాడు.

ఆ తరవాత ఇరుసుని తలకిందులుగా తిప్పి బిగించి దిక్కు సరిచేశాడనుకోండి. కానీ తన జ్ఞాపకాన్ని మళ్ళీ నమ్మలేదు. గీటునే నమ్మాడు. సినిమాకి వెళితే ఇంటర్వెల్లో షెడ్డుకి పరిగెత్తుకొచ్చి గీట్లు చూసుకునేవాడు, తిరిగి వెళ్ళేవాడు కాదు. జీవితంలో వాడు చూసినవన్నీ సగం సినిమాలే. ఏ హీరో చివరికి బతికాడో వాడికి తెలియదు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. ఒక్క నట్టు మీద గీటు లేకపోయినా సరే, అన్నీ వదులు చేసి ఒకటి నుంచి మళ్ళీ బిగించాలి. ఈ నియమం వల్ల మా ఇంట్లో చల్లారిపోయిన భోజనాలకి లెక్కలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

వాడి భార్య నర్సు. వాడి కూతురు ఆరోగ్య కేంద్రం ట్రక్కుకి డ్రైవరు. వారానికోసారి తల్లీకూతుళ్ళు మందుల పెట్టెలు వేసుకుని కొండ మీది ఇళ్ళకి వెళతారు. దారిలో రాళ్ళ వాగు దాటాలి. పోయిన నెల వాగు మధ్యలో ఒక బండరాయి ఇరుసు ఉబ్బుని పగలగొట్టింది. నూనె అంతా నీళ్ళపాలైంది. సాయంత్రందాకా ఇద్దరూ ట్రక్కు పైకెక్కి కూర్చున్నారు, కింద నీళ్ళు పెరుగుతున్నాయి.

"ఇంకోసారి ఆ ఇరుసుతో పంపను" అన్నాడు వాడు. పది రోజులు షెడ్డులోంచి కదల్లేదు. పాత సామాను దుకాణంలో పెద్ద లారీ ఇరుసులు రెండు వెతికి తెచ్చాడు. రాళ్ళ దెబ్బకి తట్టుకునేలా వాటి కింద మందపాటి పలక అతికించాడు. ఒకేచోట వెల్డింగు చేస్తే వేడికి ఇరుసు వంగిపోతుందని ఈ చివర రెండంగుళాలు, ఆ చివర రెండంగుళాలు, మధ్యలో చల్లారేదాకా ఆగడం. చక్రాల దగ్గర ఎత్తు పెంచే పెట్టెలు పెట్టాడు. చక్రం మీద సుద్దతో బాణం గుర్తు వేసి, ముందుకే తిరుగుతోందా అని చేత్తో తిప్పి చూశాడు. నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు చూశాడు.

చివరి రోజు మిగిలింది ఇరుసుల్ని, బండి బరువు మోసే కమాన్ పట్టీలకి కట్టిపడేసే బోల్టులు బిగించడం. నట్లు మొత్తం పదహారు. వాడి పొడుగాటి రెంచికి ఒక గుణం ఉంది, బిగువు సరిపోగానే 'టక్'మంటుంది. టక్ వినాలి, గీటు గీయాలి. నేనూ మా ఆవిడా భోజనం కేరియర్ పట్టుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నం పన్నెండు. తల్లీకూతుళ్ళు మందుల పెట్టెలు ఎక్కించేశారు.

"నాన్నా, చీకటి పడేలోపు తిరిగి రావాలి. ఇంకెంతసేపు?" అంటోంది కూతురు.

"ఒక్కటే ఉందే, ఒక్కటే" అని బండి కింద నుంచి గొంతు.

అంతలో ఆరోగ్య కేంద్రం నుంచి ఫోను. వాడు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, బండి ఎప్పుడు బయల్దేరుతుందో చెబుతూ గేటు దాకా వెళ్ళాడు. నేను వంగి చూశాను. కుడి వెనక చక్రం దగ్గర ఒక నట్టు మీద గీటు లేదు. పెన్ను అక్కడే ఉంది. నాకు తట్టిందేమిటంటే, వీడు ఆ చివరిదీ బిగించేశాడు, గీటు మరిచాడు, ఇప్పుడు అది చూశాడంటే పదహారూ విప్పుతాడు, వీళ్ళు చీకట్లో వాగు దాటాలి, మేం సాయంత్రం భోంచేయాలి. చేయి చాపి గీటు గీసేశాను. రెండు సెకన్ల పని.

వాడు తిరిగొచ్చాడు. టార్చి వేసి లెక్కపెట్టాడు. ఒకసారి ఆగాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదహారు గీట్లు. "సరే, వెళ్ళండి" అన్నాడు.

బండి వెళ్ళింది. షెడ్డు పక్క గదిలో ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వాడు రెండు ముద్దలు తిని చేయి ఆపాడు.

"బావా, నేను పదిహేను టక్కులే విన్నాను."

"నీకు చెవుడొస్తోందేమోరా" అంది మా ఆవిడ.

"చెవుడు కాదక్కా. ఫోను మోగినప్పుడు రెంచి ఇంకా పెట్టలేదు. నట్టు చేత్తో తిప్పి వదిలాను. కానీ గీటు ఉంది. గీటు ఉందంటే బిగించే ఉంటాను కదా?"

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "ఒరేయ్, ఆ గీటు నేను గీశాను" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. మా ఆవిడ నవ్వింది.

"మొదలుపెట్టారా! పోయినేడు వీడి పనిముట్ల పెట్టెలో పాము దూరిందన్నారు. వీడు గంటసేపు బల్లెక్కి నిలబడ్డాడు. అసలే భయస్తుడు, అన్నం తిననివ్వండి వాణ్ణి."

"నిజమే. నేనే గీశాను."

"బావా, దండం పెడతాను, ఇవాళ వద్దు" అన్నాడు వాడు. "ఇవాళ ఆ బండిలో నా ఇల్లంతా ఉంది."

తప్పు చేస్తే ఒప్పేసుకోవాలి, గుండె తేలికవుతుంది అని చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవారు. ఒప్పుకుంటే ఎవరూ నమ్మకపోతే ఏం చేయాలో వాళ్ళు చెప్పలేదు. నలభై ఏళ్ళు కోతలు కోసిన నోటితో నేను నిజం చెబుతుంటే, అది ఇంకో కోతలాగే వినబడుతోంది. ముచ్చెమటలు పోశాయి. మొహం తుడుచుకోవడానికి చేయి ఎత్తాను. మా ఆవిడ ఆ చేయి పట్టుకుని ఆపేసింది.

"ఏమండీ, చొక్కా చేతికి ఈ పసుపు మరక ఏమిటి?"

వాడు వంగి ఆ మరకని గోటితో గీరాడు. గోటికి పెయింటు అంటింది. ఇంకా పచ్చిగానే ఉంది.

ఎంగిలి చేతులతోనే లేచాం. కూతురి ఫోనుకి చేశాడు, కలవలేదు. భార్య ఫోనుకి చేశాడు, అదీ కలవలేదు. ఊరు దాటి మలుపు తిరిగితే అక్కడ ఫోన్లు పనిచేయవని మాకు తెలుసు, అయినా వాడు చేస్తూనే ఉన్నాడు. మా ఆవిడని షెడ్డు దగ్గరే ఉండమని, రెంచి, పెన్ను తీసుకుని నా పాత కారులో కూర్చున్నాడు.

"వాళ్ళు వెళ్ళి ఎంతసేపైంది?"

"అరగంట. ట్రక్కు నెమ్మది కదరా, పట్టేస్తాం."

"ఆ నట్టు చేత్తో ముట్టుకున్నావా?"

"లేదురా. గీటు గీశానంతే."

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "ఒకటి వదులైతే దాని పక్కనున్నది రెండింటి బరువు మోస్తుంది. రాళ్ళ మీద ఊగితే ముందు అది తెగుతుంది. అప్పుడు ఇరుసు ఒక పక్కకి జారుతుంది. వాగు మధ్యలో అయితే బండి తిరగబడుతుంది."

"తిట్టరా నన్ను. రెండు తగిలించినా ఫరవాలేదు."

"బండి చూసి నడుపు బావా."

తారురోడ్డు అయిపోయింది. రాళ్ళు నా కారు పొట్టని పెళపెళా కొట్టడం మొదలుపెట్టాయి. ఒక్కో దెబ్బకి వాడు సీటులో ఉలిక్కిపడుతున్నాడు. నా కారు గురించి కాదని నాకు తెలుసు. కిటికీలోంచి తల బయటికి పెట్టి దారంతా వెతుకుతున్నాడు, నూనె మరక ఉందేమో, విరిగిన బోల్టు ముక్క ఉందేమోనని. ప్రతి నల్లరాయికీ "ఆపు!" అన్నాడు. మూడుసార్లు ఆపాను. మూడుసార్లూ రాయే. వాడితోపాటు నేనూ దిగి చూశాను. ఆ రోజు నాకు మొదటిసారి అర్థమైంది, సినిమా సగంలో వాడు ఎందుకు లేచి వస్తాడో.

చివరి మలుపు తిరిగాం. వాగు వినబడింది. ఒడ్డున ట్రక్కు ఆగి ఉంది. ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. వెనక చక్రాల దగ్గర, బండి కింద నుంచి, రెండు కాళ్ళు బయటికి చాచి ఉన్నాయి. అవి వాడి కూతురి చెప్పులు.

కారు ఆగకముందే వాడు దూకాడు. పడ్డాడు, లేచాడు. "అమ్మా! అమ్మలూ!" అని అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. నేను స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆ కాళ్ళు మడుచుకున్నాయి. మోకాళ్ళు వచ్చాయి. తరవాత చేతిలో స్పానరుతో కూతురు మొత్తం బయటికొచ్చింది.

"ఎందుకు నాన్నా ఆ అరుపు? నీ మోకాలు చూడు, చెక్కుకుపోయింది. అమ్మా, దూది తీసుకురా!"

వాగు దగ్గర చేతులు కడుక్కుంటున్న మా చెల్లెమ్మ, అదే వాడి భార్య, పరిగెత్తుకొచ్చింది. వాడు కూతురి భుజాలు తడిమి చూస్తున్నాడు. నేనే అడిగాను, "కింద ఏం చేస్తున్నావమ్మా?"

"నాన్న గీట్లు చూసుకోకుండా నేను వాగులో దిగను మామయ్యా. పదిహేను గీట్లు చీమలబారులా సన్నగా ఉన్నాయి. ఒకటి మాత్రం వానపాములా వంకరపోయింది. అది నాన్న చెయ్యి కాదు. స్పానరు పెడితే ఒకటిన్నర చుట్టు తిరిగింది." నా చొక్కా చేతి వైపు చూసింది. "ముందు బిగించాలి, తరవాత గీయాలి మామయ్యా. నువ్వు కథలు కూడా ఇలాగే చెబుతావు, ముందు గీటు, తరవాత నట్టు."

"ఆ మాట మీ అత్తకి చెప్పకు" అన్నాను.

వాడు మాత్రం ఒక రాయి మీద కూర్చున్నాడు. భార్య వాడి మోకాలికి మందు రాసి కట్టు కట్టేదాకా కూర్చున్నాడు. తరవాత రెంచి తీసుకుని బండి కిందికి దూరాడు.

"అమ్మాయి బిగించింది కదండీ" అంది మా చెల్లెమ్మ.

"పదహారూ విప్పుతాను."

ఇరుసు పైకి లేవడం వల్ల జాకీ లేకుండానే వాడు కింద సర్దుకున్నాడు. నేను పక్కన బోర్లా పడుకుని టక్కులు గట్టిగా లెక్కపెట్టాను. ఒకటి. రెండు. నా నోటితో అంత నిజాయితీగా నేను ఇంకేదీ చెప్పలేదు. పదహారో టక్ అయ్యాక వాడు పెన్ను తీశాడు. గీసిన గీట్లన్నీ వానపాముల్లా వచ్చాయి. కూతురు వంగి చూసి, తండ్రి చేయి పట్టుకుని బయటికి లాగింది.

"నేనూ వస్తాను" అన్నాడు వాడు. పెన్ను నా చేతిలో పెట్టాడు. "ఇది తడవకూడదు. నీ దగ్గర ఉంచు బావా. మూత మాత్రం తీయకు."

ట్రక్కు వాగులోకి దిగింది. నేను ఒడ్డున నిలబడ్డాను. పోయిన నెల ఇరుసుని పగలగొట్టిన బండరాయి నీళ్ళలోంచి నల్లగా కనబడుతోంది. ముందు చక్రాలు దానికి అటూ ఇటూ వెళ్ళాయి. బండి ఊగింది, పక్కకి ఒరిగింది. ఇరుసు ఉబ్బు ఆ రాతి మీద నుంచి, నాలుగు వేళ్ళ ఖాళీతో, తగలకుండా దాటిపోయింది. వెనక ఇరుసు కూడా. నీళ్ళు కారుతూ బండి అవతలి ఒడ్డెక్కి ఆగింది.

ఎందుకు ఆగిందో అని కళ్ళు చికిలించి చూశాను. తలుపు తెరుచుకుంది. కాసేపటికి బండి కింద నుంచి రెండు కాళ్ళు బయటికి చాచి కనబడ్డాయి. ఒక మోకాలికి తెల్లటి కట్టు.

వాగు హోరులో వాడి కేక సన్నగా వినబడింది.

"పదహారు, బావా!"