మడి మధ్యలో మొదలైన కోత

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ద్రాక్షారామం పక్క సార్వా, అంటే తొలి పంట, వరి కోతల కాలం. నేను చైన్ మిషన్ నడుపుతాను. టైర్ల బండి దిగబడిపోయే తడి చేలో గొలుసు పట్టాల మీద నడిచే హార్వెస్టర్ అది. మంగమ్మగారి కౌలు చేను ఏటా నేనే కోసేవాణ్ణి. ఆ ఏడు తుఫాను కబురు వచ్చింది గానీ ఆవిడ ఫోను రాలేదు.

నేనే మిషన్ వేసుకుని వెళ్లి చూస్తే చేలో పెద్దాపురం దొరబాబు మిషన్ తిరుగుతోంది. కడుపు మండిపోయింది. అతని మిషన్ నా దానికంటే కొత్తది కూడాను.

కోసే తీరు చూస్తే నవ్వొచ్చింది. మేమంతా గట్టు వెంట మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తాం. అతను ముందు మడి మధ్యకి దారి చేసుకుని, అక్కణ్ణుంచి బయటికి కోసుకొస్తున్నాడు.

"ఏంటండి ఈ తిరుగుడు? టైమెక్కువ పడుద్ది. కింది మడి వానకి పోద్ది," అన్నాను మంగమ్మగారితో.

"ఆ భయం నాకూ ఉంది సూరిబాబూ. కానీ ఏటా నీ ఆఖరి చుట్టులో నీటికోడి పిల్లలు మిషన్లో పడి చచ్చిపోతన్నాయి. పైరున్నన్నాళ్లూ పురుగులేరుకు తిన్న పిట్టలవి. వాటిని ఎత్తి పారెయ్యలేక అతన్ని పిలిచాను."

చుట్టూ కోసుకొస్తే పిట్టలు మిగిలిన పైరులోకే చేరతాయి, చివరికి వాటికి దారి ఉండదు. అతను బయటికి కోస్తుంటే అవి కాలవ గట్టు తుంగలోకి పోతున్నాయి. ఇంత చిన్న సంగతి నాకు తట్టనందుకు కాదు, అతనికి తట్టినందుకు ఉడికిపోయాను.

ఇంతలో సముద్రం వైపు మబ్బు కమ్మింది.

"కింది మడి నువ్వు కొయ్యి. అతను కోసినట్టే కొయ్యాలి," అన్నారావిడ.

దొరబాబు మిషన్ ఆపి దిగొచ్చాడు. "మధ్యకి పోయి మొదలెట్టండి గురువుగారూ. వెళ్లేటప్పుడు హెడర్ కాస్త ఎత్తిపెట్టండి, కింద పిల్లలుంటాయి."

హెడర్ అంటే పైరును కోసే ముందు భాగం. దాని గురించి నాకు చెబుతున్నాడు, అదీ అంత మర్యాదగా!

కోశాను. తల్లి నీటికోడి, దాని వెనక నల్లటి పిల్లలు గట్టెక్కి తుంగలో దూరాయి. చినుకులు మొదలయ్యేసరికి ధాన్యమంతా ట్రాక్టర్లకెక్కి, బరకాల కింద భద్రంగా ఉంది.

"నా పంట నిలబెట్టావు దొరబాబూ," అని మంగమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. సగం చేను కోసినవాణ్ణి, పక్కనే నిలబడి ఉన్నాను.

గింజా దక్కాలి, పిట్టా బతకాలి అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రోజు నేర్చుకున్నాను. కాస్త డీజిల్ ఎక్కువవుతుంది, అంతే. ఇప్పుడు ఏ చేలోనైనా అలాగే కోస్తున్నాను. మొన్న రెండో పంట దాళ్వాకి ఒక రైతు ఫోన్ చేశాడు.

"సూరిబాబు గారూ, మీకు దొరబాబు కోత వచ్చాండి?"

"వచ్చండి," అన్నాను పళ్లు నూరుకుంటూ.